గుమ్మడిటేకు పంకా

రోహిణి కార్తె. ఎండ. ఆకు కదలడం లేదు.

ఇవాళ రెండు విమానాలనూ ఒకదాని తర్వాత ఒకటి రాతిస్తంభానికి కట్టి లాగించాం. తోకకీ స్తంభానికీ మధ్య ధాన్యం తూచే కొక్కెం కాటా తగిలించాం. ఇంజన్‌ని పూర్తి జోరుకి తెచ్చి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడటమే పని. పెద్ద తూనీగ అని పిలిచే పెద్ద విమానం ముల్లుని గట్టిగా కిందికి గుంజింది. చిన్న తూనీగ ఎంత అరిచినా ముల్లు అంతదూరం రాలేదు. తేడా అరబస్తా బియ్యమంత ఉంటుంది.

రెండింటికీ ఒకటే రకం ఇంజన్. ఇంధనంగా పోసింది ఒకే బట్టీలో దిగిన ఇప్పసారా. తేడా అంతా ముక్కు మీద తిరిగే పంకాలో ఉంది. పెద్ద తూనీగది లోహపు పంకా. పాత కాలంలో ఎక్కడో మూసపోసి కొట్టింది. ఇప్పుడు ఆ మిశ్రమాన్ని కరిగించి పోతపోసేవాళ్లు ఎవరూ లేరు. చిన్న తూనీగది కూర్మారావు మావ గుమ్మడిటేకు పలకల్ని జున్నుసున్నపు జిగురుతో అతికించి చెక్కింది. చెక్క రెక్క మందంగా ఉండక తప్పదు, పలచన చేస్తే విరిగిపోతుంది. లోహపు రెక్క కత్తిలా పలచన. గాలిని కోసుకుంటూ పోతుంది.

నేల మీద అరబస్తా తేడాయే గాని, ఉప్పుతిప్ప లాంటి పొట్టి మైదానంలో దిగి మళ్లీ లేవాలంటే మోసే సరుకు దాదాపు సగానికి సగం తగ్గించాలి.

"కాటా ఒక్కటే సూసి సెప్పీకే సూరీడమ్మా," అన్నాడు కూర్మారావు మావ, తన పంకా రెక్కని అరచేత్తో నిమురుతూ. "సెక్క వణుకుని మింగీస్తాది. లోహం దాసుకుంటాది."

నా మరిది తవిటయ్య పెద్ద తూనీగ నడుపుతాడు. వాడు నవ్వాడు. "దాసుకుంటే దాసుకోనీ మావా. మోస్తంది గదా!"

మృగశిర. మొదటి వాన.

ఉప్పుతిప్ప నుంచి రేడియోలో కబురు. పిల్లలకి గొంతులో తెల్లపొర కడుతోంది, మెడలు వాస్తున్నాయి. కంఠసర్పి. దానికి మందు మా గాలిమెట్ట మీద తప్ప ఎక్కడా లేదు. ఇక్కడి గుర్రాల నెత్తురు నుంచి తీస్తారు. సీసాలని తడి ఊకలో, మట్టికుండల్లో పెట్టి చల్లగా పంపాలి. మందు కంటే కుండల బరువే ఎక్కువ.

సముద్రం మీదికొచ్చాక కింద ఉన్న ఊళ్లలో తిప్పలు మాత్రమే మిగిలాయి. ఘాటు రోడ్డు విరిగిపడిపోయింది. పడవల దాకా నడిచి వెళ్లేసరికి మందు పాడైపోతుంది. విమానం ఒక్కటే దారి.

చిన్న తూనీగ నడిపే ఎస్తేరు ఈ వానలోనే ఒకసారి వెళ్లొచ్చింది. దిగి, పంకా వైపు చెయ్యి చూపించి, "అక్కా, ఇది సూడు," అంది. రెక్కల ముందంచు ఎలకలు కొరికినట్టుంది. అంత వేగంలో వానచుక్క చుక్కలా తగలదు, రాయిలా తగులుతుంది. పైగా చెక్క తేమ పీల్చి ఉబ్బింది. బోల్టులు విప్పి ఆరబెట్టి మళ్లీ బిగించాలి. తవిటయ్య పంకా అదే వానలో తిరిగొచ్చింది. గుడ్డతో తుడిస్తే చాలు, అద్దంలా ఉంది.

సాయంత్రం సభ పెద్ద అప్పలనరసమ్మ షెడ్డుకొచ్చింది. ఆమె వెనక ఇద్దరు ఒక పొడుగు పెట్టె మోసుకొచ్చారు. మునిగిపోయిన పట్నంలో, పాత విమానాల గోదాములో, నీళ్లలో దిగేవాళ్లకి దొరికిందట. మూత తీస్తే గ్రీజు ముద్దలో లోహపు పంకా. కొత్తదానిలా ఉంది.

"ఎస్తేరు బండికి కూడా ఇదే పెట్టీ," అంది నరసమ్మ. "రెండు బళ్లూ నిండుగా ఎల్తాయి."

రెండు రోజుల గడువు అడిగాను. ఇచ్చింది. పాత రంగు మొత్తం గీకేశాను. కిరసనాయిలు పట్టించి, ఆరేదాకా తుడిచి, మీద సుద్దపొడి చల్లాను. పగులుంటే లోపల దాగిన కిరసనాయిలు పైకొచ్చి సుద్దలో నల్లటి గీత పడుతుంది. ఎక్కడా పడలేదు. వేలాడదీసి సుత్తితో తట్టాను. గుడిగంటలా మోగింది. కూర్మారావు మావ కూడా వచ్చి చెవి పెట్టి విన్నాడు.

బిగించాను.

ఆరుద్ర. ముసురు.

ఎస్తేరు కొత్త పంకాతో నాలుగుసార్లు వెళ్లొచ్చింది. మొదటిసారి దిగినప్పుడు దాని మొహం చూడాలి. "ఒలమ్మ, ఇన్నాళ్లూ ఎద్దుని తోలినానక్కా. ఇది గుర్రం!" అంటూ నా మెడ చుట్టూ చేతులు వేసింది. పదేళ్లుగా ఎగురుతోంది, చిన్నపిల్లలా గెంతింది.

వచ్చిన ప్రతిసారీ సుద్ద చల్లాను. తిప్ప మైదానంలో గవ్వలు ఎగిరి రెక్క అంచున చిన్న నొక్కులు పడుతున్నాయి. ప్రతి నొక్కునీ ఆకురాయితో నున్నగా రాశాను. నొక్కుని అలాగే వదిలితే అక్కడే పగులు మొదలవుతుంది. ఇది ఈ పనిలో మొదట నేర్పే విషయం.

తిప్ప మీద కొత్తగా పడకేసే పిల్లలు తగ్గారని రేడియోలో అక్కడి వైద్యురాలు మందులమ్మ చెప్పింది. ఆమె గొంతులో మొదటిసారి అలసట కాకుండా ఇంకేదో వినిపించింది.

ఆరుద్ర చివర. వాన తెరిపిచ్చింది.

ఎస్తేరు తిరిగి రాలేదు.

తిప్ప నుంచి ఖాళీగా లేచింది. వేటకెళ్లిన జాలర్లు చూశారు. టపాకాయ పేలినట్టు చప్పుడైందట. ఆ తర్వాత విమానం మొత్తం కుక్క నోట్లో గుడ్డలా ఊగిందట. ఇంజన్ ముక్కు నుంచి ఊడి విడిగా పడింది. ముందు బరువు పోయేసరికి విమానం తోక మీద నిలబడి, పక్కకి ఒరిగి, నీళ్లలోకి వెళ్లింది.

జాలర్లు ఎస్తేరుని తెచ్చారు. చర్చి వెనక పాతిపెట్టాం. ఎస్తేరుకి ఉన్నదల్లా ఒక్క అన్న. పాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. మిగిలిన పాట మేమంతా పాడాం. నాకు మాటలు సరిగా రావు, అందరితో పాటు పెదాలు కదిపాను.

పునర్వసు.

ఇంజన్‌ని వలల్లో లాగి తెచ్చారు. పంకా దానికే ఉంది. ఒక రెక్క మొత్తంగా ఉంది, రెండోది సగం నుంచి లేదు.

విరిగిన చోటు చూశాను. ముఖంలో చాలా భాగం నున్నగా, ఆల్చిప్ప లోపలిలా, ఒకదాని చుట్టూ ఒకటి వంపు గీతలతో ఉంది. కొసన కొద్ది మేర మాత్రమే గరుకుగా, కొత్తగా విరిగినట్టుంది. అంటే పగులు ఒక్కరోజులో వచ్చింది కాదు. గీత గీతగా పెరుగుతూ వచ్చింది. ఆ గీతలన్నీ తిరిగి ఒక చోటికి చేరుతున్నాయి, ఆవగింజంత గుంటకి. ఎప్పుడో ఎవరో ఆ గుంట మీద ఆకురాయి పెట్టి బాగా రాశారు. రాపిడికి పైలోహం సాగి పగులు నోరు మూసుకుపోయింది. నోరు మూసుకున్న పగుల్లోకి కిరసనాయిలు దూరదు. సుద్ద ఏమీ చెప్పదు.

కూర్మారావు మావ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "సెక్కయితే ముందు పీసులు లేస్తాది, సప్పుడు సేస్తాది. ఏదో ఒకటి సెప్పి పోతాది," అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడెందుకులే ఈ మాట."

ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. నాకూ నా పనిలో తప్పు దొరకలేదు. దొరికితే బాగుండేది. దాన్ని సరిచేసుకుని తవిటయ్య పంకా మీద చెయ్యి వేసి ఇది మంచిదని చెప్పగలిగేదాన్ని. ఆ పంకాని కూడా నాకు ముందు ఇద్దరు ఆకురాయితో రాశారు, నేనూ ఎన్నోసార్లు రాశాను.

పునర్వసు, రెండో వారం.

తిప్ప మీద జబ్బు పూర్తిగా తగ్గలేదు. అవతలి పక్క పేటలో మళ్లీ మొదలైంది.

సభలో నరసమ్మ నన్నే అడిగింది. "ఉన్నది ఒక్క బండి. ఏ పంకా పెడతావు?"

ఎస్తేరు విమానం నుంచి విప్పిన చెక్క పంకా షెడ్డులో ఉంది. కూర్మారావు మావ తన ఇంట్లో ఇత్తడి బిందె కోసి, రేకుని రెక్కల ముందంచుకి తాపడం చేస్తున్నాడు. వానకి తట్టుకుంటుంది. మోసేది మాత్రం సగమే.

తవిటయ్య లేచాడు. "లోహందే పెట్టొదినా. ఒక్కపాలి ఎల్లి అందరికీ సరిపడా దింపీసొస్తాను. నా పేణం నాది, భయం నాది."

"నీ ప్రాణం ఒక్కటే అయితే నిన్నే అడిగేదాన్ని. ఈ బండి పోతే తిప్పల మొహం చూసేవాళ్లే ఉండరు. ఈ ఏడూ కాదు, ఆపైనా కాదు."

"అది మంచిదే అయితే?"

"మంచిదేనేమో. నేను చెప్పలేను."

"సెప్పనేవు గనక పిల్లలు సచ్చిపోవాలా?"

చెక్క పంకా అన్నాను. నరసమ్మ సరేనంది.

పుష్యమి. ఎడతెరిపి లేని వాన.

తవిటయ్య సగం మందుతో వెళ్లొచ్చాడు. తిప్ప దగ్గర తడి ఇసకలో చక్రం దిగబడి ముక్కు వంగింది, ఒక రెక్క కొస ఇసకని తాకి జానెడు మేర ముక్కలైంది. ఇంజన్‌కి ఏమీ కాలేదు. లోహపు పంకా అయితే ఆ దెబ్బ నేరుగా ఇంజన్ ఇరుసుకి వెళ్లి అది వంకరపోయేది, ఆ బండి ఇక లేచేది కాదు. తవిటయ్య అక్కడే రంపం అడిగి తీసుకుని, రెండో రెక్కని కూడా అంతే మేర కోసి సమానం చేసి, ఆ పొట్టి పంకాతో ఖాళీగా లేచి వచ్చేశాడు. ఆ పని నా వల్ల కూడా అయ్యేది కాదేమో.

నాకిది చెక్క పంకా గెలుపులా కనిపించాలి. కనిపించలేదు. కూర్మారావు మావ కొత్త పంకా చెక్కాలి. పలకలు కోసి ఉన్నాయి. కాని ఈ తేమలో జిగురు ఆరడం లేదు. కుంపట్లు పెట్టి ఆరబెడుతున్నాం. ఆరకుండా తిప్పితే పలకలు విడిపోతాయి.

రోజూ చీకటి పడేముందు రేడియో పెడుతున్నాం. మందులమ్మ మందు ఎవరికి వేసిందో చెబుతుంది. మెడ ఎక్కువ వాచినవాళ్లకి ముందు. తర్వాత పేర్లు చదువుతుంది. మందు అందనివాళ్లలో ఆ రోజు పోయిన పిల్లల పేర్లు. ఇంటిపేర్లు కూడా చెబుతుంది, ఒకే పేరు ఇద్దరికి ఉంటే పొరబాటు పడకూడదని.

పుష్యమి. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది.

నిన్నటి పేర్లు విన్నాక నరసమ్మ సభ పిలవలేదు. నా దగ్గరికే వచ్చింది. "ఇంక సాలు. రేపు లోహంది పెట్టీ."

ఆమె వెళ్లాక నాకు ఒకటి తెలిసింది. పొద్దున్నే వెళ్లి ఆ పంకాని నేనే బిగిస్తాను. ఆ పేర్లు విన్న మనిషెవరూ బిగించకుండా ఉండలేరు. బిగించి, సుద్ద చల్లి, తవిటయ్య మొహంలోకి చూసి మంచిదేనని చెబుతాను. అలా చెప్పకుండా ఉండాలంటే ఆ పంకాయే ఉండకూడదు.

పొద్దున షెడ్డుకి వెళ్లాను. లోహపు పంకాని బల్లకి బిగించాను. రంపం తీసి రెక్క మధ్యలో పెట్టాను. రంపం పళ్లు మొదట జారాయి. తర్వాత పట్టుకున్నాయి.

చప్పుడుకి తవిటయ్య పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"కోసీసినావా?"

నేను ఆపలేదు. వాడు వచ్చి రంపం లాక్కున్నాడు. కొడతాడనుకున్నాను. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, "సూద్దాం మరి," అన్నాడు.

రెండు రెక్కల్నీ ముక్కలు కోశాం. ఒక్కో ముక్కని బల్లపట్టులో బిగించి, ఇనపగొట్టం తొడిగి, ఇద్దరం బరువేసి వంచాం. పగులున్న లోహం పుటుక్కున విరుగుతుంది. మంచిది వంగుతుంది. మొదటి ముక్క వంగింది. రెండోది వంగింది. ఎంత వంచినా ఒక్కటీ విరగలేదు. చివరి ముక్క మెత్తగా వంగి, అలాగే ఉండిపోయింది.

"నన్ను ఎక్కనిచ్చుంటే," అన్నాడు తవిటయ్య.

"వెళ్లొచ్చేసేవాడివి."

"అందరికీ సరిపడా దింపీసి."

"అవును తవిటయ్యా."

వాడు ఏడ్చాడు. నా కళ్లల్లోంచి ఏమీ రాలేదు. బల్ల మీది లోహపుపొడి తుడిచాను.

నరసమ్మకి వెళ్లి చెప్పాను. ఆమె తిట్టలేదు. తలుపు వేసి, గొంతు తగ్గించి, "పగులుందని సెప్పీ సూరీడమ్మా. అందరి మనసూ నెమ్మదిస్తాది. నీదీను," అంది. ఆ మాటలో జాలి ఉంది. ఆ జాలికే నాకు భయమేసింది. వంగిన ముక్కలు తెచ్చి షెడ్డు బయట బల్ల మీద పరిచాను. చూడాలనుకున్నవాళ్లు చూసుకుంటున్నారు. కొందరు నాతో మాట్లాడటం మానేశారు.

ఆశ్లేష. మబ్బు, మధ్యమధ్య ఎండ.

జిగురు ఆరింది. కూర్మారావు మావ కొత్త పంకాకి ఇత్తడి అంచు వేసి, రెండు రెక్కలూ సమంగా తూగేదాకా కొస దగ్గర కాస్త కాస్త లక్క పూసి ఇచ్చాడు. తవిటయ్య మిగతా మందు తీసుకెళ్లాడు. బోల్టులు ఎంత బిగించాలో, వానలో తడిశాక ఎలా చూసుకోవాలో వాడికి నేర్పి పంపాను.

వచ్చేటప్పుడు ఒక ఆడమనిషినీ ఆమె కూతుర్నీ తెచ్చాడు. ఆమె పేరు దానమ్మ. జాలరి మనిషి. పిల్లకి మందు వేశారు గాని ఊపిరి ఆడటం లేదు, గొంతుకి గొట్టం పెట్టాలి, అది ఇక్కడి ఆసుపత్రిలోనే కుదురుతుంది. ఆమె పెద్ద కొడుకు, మందు అందకముందు ఆఖరి వారంలో పోయాడు. ఆ పేరు రేడియోలో విన్నాను.

ఆశ్లేష, రెండో వారం.

దానమ్మ ఇవాళ షెడ్డు దగ్గరికి వచ్చింది. తవిటయ్య ఆమెకి అంతా చెప్పాడు. చెప్పమన్నది నేనే.

బల్ల మీది ముక్కల్లో ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇది పెట్టుంటే మొదటిపాలే మందంతా వొచ్చీసున్ను."

"వచ్చేది."

"ఇది బాగానే ఉన్నాది గదా?"

"బాగానే ఉంది. కోశాకే తెలిసింది."

ఆమె ముక్కని బల్ల మీద పెట్టలేదు. చేతిలోనే ఉంచుకుంది. "మావోడు అడిగినాడు. ఇమానం మళ్లీ ఎప్పుడొస్తాదమ్మా అని. రేపొస్తాదన్నాను. మర్నాడూ రేపేనన్నాను." నా మొహంలోకి చూసింది. "నీకాడ సెప్పడానికేటైనా ఉన్నాదా?"

చెప్పడానికి చాలా ఉందనుకున్నాను. ఎస్తేరు గురించి, ఆవగింజంత గుంట గురించి, ఒక్కటే మిగిలిన విమానం గురించి. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆమెకి పనికొచ్చేది కాదు.

"లేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. ముక్కని బల్ల మీద పెట్టి ఆసుపత్రి వైపు వెళ్లిపోయింది.

మఖ. ఎండ కాసింది.

పిల్ల గొంతులోంచి గొట్టం తీసేశారు. మొక్కజొన్న కంకులు కాల్చి పెడితే తింటోంది. ఈ పొద్దున తల్లీకూతుళ్లని తిప్పకి పంపాం. వారం రోజుల ఎండకి చెక్క ఆరి కుంచించుకుని బోల్టులు వదులయ్యాయి. అన్నీ మళ్లీ బిగించాను, ఒక్కోదాన్నీ తీగతో కట్టాను. దానమ్మ పిల్లని చంకనేసుకుని పక్కనే నిలబడి చివరిదాకా చూసింది. ఒక బోల్టు దగ్గర నేను లేచేసరికి, "అది తిప్పినావా?" అంది. తిప్పానన్నాను. "మళ్లీ తిప్పు," అంది. తిప్పాను. కదల్లేదు.

"ఇది ఇరగదా?"

"విరగదని చెప్పలేను. ఇవాళ నేను చూసినంతలో బాగుంది."

దానమ్మ పిల్లని లోపల కూర్చోబెట్టి, తనూ ఎక్కి, పట్టీ కట్టుకుంది.

ఇంజన్‌ని ముందు నుంచి చేత్తో తిప్పి రాజెయ్యాలి. తవిటయ్య లోపలి నుంచి చెయ్యి ఎత్తాడు. రెండు చేతులూ రెక్క మీద వేసి కిందికి లాగి వెనక్కి దూకాను. రెండోసారికి అందుకుంది. తిరుగుతున్న పంకా వెనక నుంచి ముగ్గురి మొహాలూ పలచగా కనిపించాయి. దానమ్మ నన్ను చూడలేదు. చప్పుడుకి పిల్ల బెదిరింది. ఆమె రెండు అరచేతులతో దాని చెవులు మూసి, తల ఒళ్లోకి వంచుకుంది.

చక్రాల ముందు రాళ్లు తీసి పక్కకి వచ్చేశాను.